మందు కాని మందు

మన తెలుగులో ‘మందు’ అనే మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. జ్వరం వస్తే వేసుకొనేది మందు. పత్తిచేలో పురుగుకు కొట్టేది మందు. సాయంత్రం సీసాలో తెచ్చుకొని తాగేదీ మందే. మద్యాన్ని మందు అని మొదట ఎవరు పిలిచారో గాని, వేళాకోళానికి అన్నా అందులో ఒక నిజం దాగి ఉంది. మనిషి దాన్ని ఏదో ఒక నొప్పికి వాడుకొంటున్నాడు. ఆ నొప్పి ఒంట్లోది కాకపోవచ్చు. నలుగురిలో తక్కువైపోయానన్న బాధ కావచ్చు, ఇంట్లో మాట్లాడే మనిషి లేని వెలితి కావచ్చు, భయం కావచ్చు. పెద్దవాళ్ళ సంగతి అలా ఉంచండి. నేను ఇక్కడ మీతో మాట్లాడదలచుకొన్నది పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ మధ్య పిల్లల గురించి. వాళ్ళు ఏ నొప్పికి ఈ మందు పుచ్చుకొంటున్నారు? వాళ్ళ చేతికి దాన్ని ఎవరు ఇస్తున్నారు?

మొదటిసారి బీరు గాని బ్రాందీ గాని నోట్లో పోసుకొన్న కుర్రవాడికి అది రుచిగా ఉండదు. చేదు, గొంతులో మంట, కొందరికి వాంతి. తాటికల్లు సంగతి వేరు. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగానే ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. సీసా మద్యం మాత్రం మొదటి గుక్కకే మనసు దోచుకొనేది కాదు. అయినా కుర్రవాడు రెండోసారి తాగుతాడు. అంటే రుచి కోసం కాదన్నమాట. తెలియక తాగుతున్నాడని అనుకొందామా అంటే, మద్యం ఆరోగ్యానికి హానికరమని సీసా మీదే రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చదవగలిగిన పిల్లలే దాన్ని తాగుతున్నారు. కాబట్టి తెలియకపోవడం ఒక్కటే కారణం కాదని మీరూ ఒప్పుకొంటారు.

మన దేశంలో ఎంతమంది పిల్లలు తాగుతున్నారో చెప్పే లెక్క ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు చేసిన సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ళ వయసువారిలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని అందులో తేలింది. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో ఇది 1.3 శాతం. చూడడానికి చిన్న అంకె. కాని మన దేశంలో 1.3 శాతం అంటే సుమారు 30 లక్షల మంది పిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారికి మద్యం ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మద్యం మోయించడానికి, అమ్మించడానికి పిల్లలను వాడుకొన్నా అంతే శిక్ష. చట్టం ఇలా ఉంది. మన వీధి ఎలా ఉందో ఇప్పుడు చూద్దాం.

మీ ఊళ్ళో బెల్టు షాపు ఎక్కడుందో మీకు తెలుసా? ఈ ప్రశ్న నేను ఆదివారం సంపర్క తరగతుల్లో చాలాసార్లు అడిగాను. పెద్దవాళ్ళు కొంచెం తటపటాయిస్తారు. పదిహేను, పదహారేళ్ళ పిల్లలు మాత్రం వెంటనే చెబుతారు. ఫలానా కిరాణా కొట్టు వెనుక, ఫలానా వాళ్ళ పశువుల పాకలో అని. వీళ్ళకు ఇంత బాగా ఎలా తెలుసు? ఇంట్లోనే పంపిస్తారు కాబట్టి. “ఒరేయ్, పోయి ఒక క్వార్టర్ పట్రా. మిగిలిన చిల్లర నువ్వు ఉంచుకో.” ఎనిమిదేళ్ళప్పుడు ఆ చిల్లరతో వాడు చాక్లెట్టు కొనుక్కొంటాడు. పదేళ్ళకు ఏ సీసా ఏ రేటో, ఎమ్మార్పీ మీద ఎంత ఎక్కువ పుచ్చుకొంటారో వాడికి కంఠతా వస్తుంది. ఏ రంగు మూత ఉన్నది నాన్నకు కావాలో, ఏది మామయ్యకు కావాలో తెలుస్తుంది. మూత తిప్పి వాసన చూస్తాడు. నాన్న నిద్రపోయాక గ్లాసు అడుగున మిగిలినది నాలికకు రాసుకొంటాడు. కుర్రవాడు చెడు స్నేహాల వల్ల తాగుడు నేర్చాడని మనం అంటాం గాని, వాడి మొదటి పాఠం చాలాసార్లు ఇంటి అరుగు మీదే జరిగిపోయి ఉంటుంది.

అయితే అందరు పిల్లలూ అక్కడే తాగుబోతులు కారు. ఆ పాఠానికి ఇంకొకటి తోడు కావాలి. అది ‘మగాడివి’ అనిపించుకోవాలన్న తపన.

మన పండుగలూ శుభకార్యాలూ గుర్తు చేసుకోండి. పెళ్ళి ఊరేగింపు, వినాయక నిమజ్జనం, జాతర, దసరా, కొత్త బండి కొన్నందుకు పార్టీ. తెలంగాణలో దావత్ అన్న మాట చెప్పగానే మాంసంతో పాటు సీసా కూడా కళ్ళముందు కదులుతుంది. ఇలాంటిచోట మగవాళ్ళు ఒక పక్కకు చేరతారు. డాబా మీదో, మామిడితోటలోనో. చిన్నపిల్లలను ‘పొండి అవతలికి’ అని తోలేస్తారు. పదమూడేళ్ళ వాడు ఆ గుంపు అంచున నిలబడి ఉంటాడు. వాడు పిల్లల్లో కలవలేడు, పెద్దల్లో కూర్చోలేడు. ఒకరోజు బావ వరసైన వాడెవడో గ్లాసు చాపి, “దా, కూర్చో. నువ్వు మాత్రం చిన్నవాడివా ఏం?” అంటాడు. ఆ గ్లాసులో ఉన్నది ఏమిటన్నది అప్పుడు ముఖ్యం కాదు. ఆ ‘దా, కూర్చో’ అన్న పిలుపు ముఖ్యం. అన్నాళ్ళుగా తనను అవతలికి తోలిన గుంపు మొదటిసారి జరిగి చోటు ఇచ్చింది. ఆ చోటు కోసం వాడు చేదును మింగుతాడు.

చదువు మానేసి పనిలో చేరిన పిల్లలకు ఈ పిలుపు ఇంకా ముందే వస్తుంది. మీలో సెంట్రింగు పనికి వెళ్ళేవారు ఉంటే మీకు నేను చెప్పనక్కరలేదు. స్లాబు వేసే రోజు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కాంక్రీటు మోసి మోసి భుజాలు పడిపోతాయి. పని అయ్యాక ఇంటి యజమాని మాంసం కూర, మందు ఏర్పాటు చేయడం చాలాచోట్ల ఆనవాయితీ. మేస్త్రీ అందరికీ పోస్తాడు. పదహారేళ్ళ వాడు ఆ రోజు పెద్దవాళ్ళతో సమానంగా మోశాడు, సమానంగా కూలి తీసుకొన్నాడు. గ్లాసు దగ్గర మాత్రం చిన్నవాడినని ఎలా అంటాడు? లారీ మీద క్లీనరుగా వెళ్ళే కుర్రవాడికి డ్రైవరే గురువు, డ్రైవరే తండ్రి. రాత్రి దాబా దగ్గర ఆయన పోసినది కాదంటే రేపు బండి ఎక్కనిస్తాడో లేదో తెలియదు. ఒళ్ళు నొప్పులు పోతాయని కూడా చెబుతారు. నొప్పి పోదు, కాసేపు తెలియకుండా ఉంటుంది. నొప్పి తెలియకపోతే మరునాడు ఇంకా ఎక్కువ మోస్తాడు. ఈ బేరంలో లాభం ఎవరిదో మీరే లెక్క వేయండి.

ఇంతవరకు చెప్పినవి బయటి కారణాలు. పది మంది కుర్రవాళ్ళు ఒకే స్లాబు దగ్గర ఒకే సీసా నుంచి తాగితే, పది మందీ ఒకేలా తయారు కారు. కొందరు రెండుమూడు సార్లు తాగి ఇది నాకు సరిపడదని వదిలేస్తారు. కొందరు పండుగకో పబ్బానికో తాగుతారు. ఒకరిద్దరు మాత్రం మరునాటి సాయంత్రమే దాని కోసం వెతుక్కొంటారు. తేడా సీసాలో లేదు. ఆ ఒకరిద్దరి మనసులో ముందునుంచే ఏదో పుండు ఉంది, అది కాసేపు చల్లబడింది.

మా తరగతికి వచ్చే ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పదిహేడేళ్ళు. పదో తరగతిలో లెక్కలు, సైన్సు తప్పాడు. రెండేళ్ళు పెయింటింగు పనికి వెళ్ళి, మళ్ళీ చదువుదామని చేరాడు. ఒక ఆదివారం తరగతి అయ్యాక టీ తాగుతూ తనే మొదలుపెట్టాడు.

“సార్, ఏ పెళ్ళికి వెళ్ళినా అందరూ ఒకటే అడుగుతారు సార్. ఏరా, పాసయ్యావా? మా పెదనాన్న గారి అబ్బాయి ఇంజినీరింగు. వాణ్ణి పక్కన పెట్టుకొని నన్ను అడుగుతారు.”

“నువ్వేం చెబుతావు?”

“మొదట్లో తల వంచుకొనేవాణ్ణి సార్. తరువాత వెళ్ళే ముందే కొంచెం వేసుకొని వెళ్ళేవాణ్ణి. అప్పుడు అడిగినా వినపడనట్టు ఉంటుంది.”

వినపడనట్టు ఉంటుంది అన్న ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. తాగుడు గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా చెప్పగా చూడలేదు. అతనికి కావలసింది మత్తు కాదు. ఆ ప్రశ్న వినపడకుండా ఉండడం. పదో తరగతి తప్పడం మన సమాజంలో ఒక పరీక్ష తప్పడంగా ఆగిపోదు. ఇంటి పరువు పోయినట్టు, పిల్లవాడే పనికిరాని వాడైనట్టు మాట్లాడతారు. ఈ పుస్తకం చేతపట్టిన మీలో చాలామందికి ఆ మాటల పదును తెలుసు. తెలిసి కూడా మళ్ళీ చదువుతున్నారు. ‘ఏరా, పాసయ్యావా’ అని నవ్వుతూ అడిగే పెద్దమనిషి తాను ఎవరి చేతికీ గ్లాసు అందించలేదనే అనుకొంటాడు. నా ఉద్దేశంలో ఆయన కూడా అందించినట్టే.

సిగ్గు ఒక పుండు అయితే, భయం మరొకటి. తాగే తండ్రి ఉన్న ఇల్లు మీరు చూసే ఉంటారు. కొందరు అటువంటి ఇంట్లోనే పెరిగి ఉంటారు. సాయంత్రం ఏడు దాటేసరికి ఆ ఇంట్లో గాలి మారిపోతుంది. బండి ఆగిన తీరును బట్టి, గేటు తీసిన చప్పుడును బట్టి ఈ రోజు నాన్న ఎలా ఉన్నాడో పిల్లలు చెప్పగలరు. పుస్తకం మూసేయాలా, అన్నం తినేసి పడుకొన్నట్టు నటించాలా, చెల్లెలిని పక్కింటికి పంపాలా అన్నది ఆ చప్పుడును బట్టే తేలుతుంది. తెల్లవారితే ఎవరూ ఏమీ మాట్లాడరు. అమ్మ ముఖం మీద వాపు ఉంటుంది, నీళ్ళ బిందె తగిలిందని చెబుతుంది. పిల్లవాడు దీని నుంచి నేర్చుకొనేది ఏమిటంటే, బాధ కలిగినా బయటికి అనకూడదు, ఎవరినీ నమ్మకూడదు అని. అలా నోరు కుట్టేసుకొన్న పిల్లవాడికి పదిహేనో ఏట ఒక గ్లాసు దొరికితే, మాటలు వాటంతట అవే వస్తాయి. ఏడుపు వస్తుంది, కోపం వస్తుంది. స్నేహితుడి భుజం మీద తల పెట్టి అంతా చెప్పుకొంటాడు. ‘నేను మా నాన్నలా కాను’ అని ఒట్టు వేసుకొన్నవాడే ఆ గ్లాసు పట్టుకొంటాడు. చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది గాని, ఇందులో వింత లేదు. నాన్న మీది బాధను దించుకోవడానికి ఇంట్లో అతను చూసిన దారి అదొక్కటే.

‘తండ్రి బుద్ధే వచ్చింది, రక్తంలో ఉంది’ అని తీసిపారేసేవారు ఉంటారు. రక్తం పాత్ర కొంత ఉన్నమాట నిజమే. గుడ్విన్ అనే అమెరికా మానసిక వైద్యుడు, ఆయన తోటివారు డెన్మార్క్‌లో చిన్నప్పుడే దత్తత వెళ్ళిన మగపిల్లల వివరాలు తీసి 1973లో ప్రచురించారు. తాగుడు జబ్బు ఉన్న తల్లికో తండ్రికో పుట్టి, వేరే ఇళ్ళలో పెరిగినవారికి ఆ జబ్బు వచ్చే అవకాశం మిగతావారికంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. కాని ఆ లెక్కలోనే రెండో సంగతి ఉంది. అలా పుట్టినవారిలోనూ ఎక్కువమందికి ఆ జబ్బు రాలేదు. కాబట్టి తాగుబోతు కొడుకు తాగుబోతే అవుతాడనడం తప్పు. అంతకంటే ముఖ్యం, ఆ మాట ఆ పిల్లవాడి ఎదుట అనడం ప్రమాదం. నీ రాత ఇంతే అని పదిసార్లు విన్నవాడు పదకొండోసారి దాన్ని నిజం చేయడానికి సిద్ధపడతాడు.

ఇక ప్రేమ. దీని గురించి చెప్పకపోతే మీరు నవ్వుతారు. మన తెలుగువారికి ప్రేమ విఫలమైతే గడ్డం పెంచి సీసా పట్టుకోవాలన్న సంగతి 1953లో వచ్చిన దేవదాసు సినిమా నేర్పిపోయింది. శరత్ బాబు బెంగాలీ నవలలోని దేవదాసును అక్కినేని నాగేశ్వరరావు గారు తెర మీద ఎంత బాగా చూపించారంటే, డెబ్బై ఏళ్ళు దాటినా ‘దేవదాసు అయిపోయాడు’ అని మనం మామూలు మాటల్లో అంటున్నాం. అది గొప్ప సినిమా, అందులో సందేహం లేదు. అయితే కథలో దేవదాసు ఆ తాగుడుతోనే చనిపోతాడన్నది మరచి, తాగడం లోతైన ప్రేమకు గుర్తు అని మాత్రం కుర్రవాళ్ళు పట్టుకొన్నారు. ఇప్పుడు సెల్‌ఫోనుల్లో సీసా పట్టుకొని ఏడుపు పాట పెట్టి వీడియో తీసుకొనే పిల్లలు ఆ సినిమా చూసి కూడా ఉండరు. అమ్మాయి కాదన్నప్పుడు కలిగే దుఃఖం చిన్నది కాదు. పదహారేళ్ళకు అదే ప్రపంచమంత. మగపిల్లవాడు ఏడవడానికి మనం చోటు ఇవ్వలేదు. తాగి ఏడిస్తే మాత్రం ‘పాపం’ అంటాం. వాడు ఏ దారి ఎంచుకొంటాడు?

ఆడపిల్లల విషయం వేరేగా ఉంటుంది. వాళ్ళలో తాగేవారు తక్కువ. ఉన్నా, పరువు పోతుందన్న భయంతో ఇంట్లోవాళ్ళు వైద్యుడి దగ్గరకు కూడా తీసుకువెళ్ళరు. తాగుడు ఉన్న ఇంట్లో ఆడపిల్ల చెల్లించే మూల్యం ఎక్కువగా మరో రూపంలో ఉంటుంది. ముందు ఆమె బడి ఆగిపోతుంది, తరువాత తొందరగా పెళ్ళి అయిపోతుంది. మా తరగతులకు వచ్చే స్త్రీలను చదువు ఎప్పుడు ఆగిందని అడిగితే, ‘నాన్న తాగుడు ఎక్కువైన ఏడు’ అని సంవత్సరం గుర్తుపెట్టుకొని చెప్పినవారు ఉన్నారు.

పదిహేనేళ్ళ ఒంట్లో మద్యం ఏం చేస్తుందో కూడా కొంచెం తెలుసుకొందాం. మనిషి మెదడు ఇరవై ఏళ్ళు దాటాక, సుమారు పాతికేళ్ళ వరకు ఎదుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే చివర ఎదిగేది నుదురు వెనుక ఉన్న భాగం. ముందువెనుకలు ఆలోచించి ‘ఇక చాలు’ అనేది అదే. సంతోషాన్ని, ఉద్రేకాన్ని కోరే భాగాలు మాత్రం ముందే చురుగ్గా ఉంటాయి. ఎద్దులు ఉరకలు వేస్తుంటే పగ్గం ఇంకా పేనుతూ ఉన్నట్టు. ఆ వయసులో మద్యం చేరితే ఆ పేనడం దెబ్బతింటుంది, జ్ఞాపకశక్తి తగ్గుతుంది. పైగా మత్తు దిగాక దిగులు రెండింతలై వస్తుంది, ఆ దిగులుకు మళ్ళీ అదే మందు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 1997లో వచ్చాయి. పదిహేనేళ్ళలోపు తాగడం మొదలుపెట్టినవారిలో నూటికి 40 మందికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తాగుడుకు బానిసలయ్యారు. ఇరవై ఏళ్ళు దాటాక మొదలుపెట్టినవారిలో సుమారు 10 మందే. వయసు ఒక్కటే ఇందుకు కారణమని చెప్పలేం. అంత చిన్నప్పుడే మొదలుపెట్టిన పిల్లల ఇళ్ళలో, మనసుల్లో ముందే కష్టాలు ఉండి ఉండవచ్చు. ఎలా చూసినా, మొదటి గ్లాసును ఎన్నేళ్ళు వాయిదా వేయగలిగితే అంత మేలు.

ఎలా వాయిదా వేస్తాం? దుకాణాలు మూయించాలన్నది మనవాళ్ళు ముందే చేసి చూపిన పని. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట స్త్రీలు 1992లో తమ ఊరి సారా కొట్టు మూయించారు. వాళ్ళు కూడా మీలాగే పెద్దవయసులో అక్షరాలు దిద్దినవారు. అక్షరాస్యత వాచకంలో సారా మూలంగా కష్టాలపాలైన సీతమ్మ కథ చదివి, ఇది మన కథే కదా అనుకొన్నారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తివేశారు. ఆదాయం పోయిందని, దొంగసారా పెరిగిందని కారణాలు చెప్పారు. ఆ వాదంలోకి ఇప్పుడు వెళ్ళను. చేతికి అందేంత దూరంలో మద్యం లేకపోవడం పిల్లలకు ఎప్పుడూ మేలే అని మాత్రం అంటాను. దానితోనే పని అయిపోదు. ఊళ్ళో సాయంత్రం ఆరు తరువాత కుర్రవాడు వెళ్ళడానికి బెల్టు షాపు కాక మరేముంది? గ్రంథాలయానికి తాళం. ఆటస్థలం ప్లాట్లు అయిపోయింది.

సాయంత్రాలను మార్చి ఫలితం సాధించిన దేశం ఒకటి ఉంది. ఐస్‌లాండ్ చాలా చిన్నది, జనాభా నాలుగు లక్షలు కూడా లేదు. అక్కడ 1998లో అడిగితే 15, 16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో తాగి మత్తులో పడ్డామన్నారు. ఉపన్యాసాలు తగ్గించి వాళ్ళు పిల్లల సాయంత్రాల మీద దృష్టి పెట్టారు. ఆటలకు, సంగీతానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. చలికాలంలో రాత్రి పది దాటాక 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు ఒంటరిగా వీధిలో ఉండకూడదన్న నియమం పెట్టారు. ఊరి తల్లిదండ్రులు కలిసి ఒప్పందాలు రాసుకొన్నారు. పిల్లలతో ఎక్కువ సమయం గడిపారు. 2016 నాటికి ఆ 42 శాతం 5 శాతానికి దిగింది. మన ఊరు ఐస్‌లాండ్ కాదు, మనకు అంత డబ్బూ లేదు. కాని ఒక వాలీబాల్ వలకు, ఒక ట్యూబులైటుకు ఎంత అవుతుంది?

ఇక ఇంటి సంగతి. మీ కొడుకో తమ్ముడో తాగి వచ్చాడని తెలిసిన రాత్రి ఏం చేస్తారు? ఎక్కువమంది కొడతారు. లేదా చుట్టాలందరినీ పిలిచి పంచాయితీ పెడతారు. సిగ్గును మరచిపోవడానికి తాగినవాడికి ఇంకొంత సిగ్గు పెట్టినట్టు అవుతుంది. తాగి ఉన్నప్పుడు చెప్పేది వాడికి ఎక్కదు. రాత్రి అన్నం పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి ఊపిరికి అడ్డం పడకుండా ఉంటుంది. ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి బరువుగా తీస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పొద్దున్నే ఇద్దరే ఉన్నచోట అడగండి. ‘ఎందుకు తాగావు’ అని అడిగితే నేరం ఒప్పుకోమన్నట్టు ఉంటుంది. ‘తాగితే నీకు ఎలా ఉంటుంది’ అని అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. వచ్చినప్పుడు మధ్యలో అడ్డుపడకండి. ఆ జవాబులోనే వాడి నొప్పి ఏదో ఉంటుంది.

రోజూ తాగే స్థితికి వచ్చినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, నిద్రపట్టకపోవడం, కొందరిలో ఫిట్లు రావడం జరుగుతుంది. అది మొండితనం కాదు, నటన కాదు. వైద్యుడి పర్యవేక్షణలోనే మాన్పించాలి. మత్తు పదార్థాల అలవాటు విషయంలో సలహా కోసం 14446కు, మనసు బాగాలేనప్పుడు టెలిమానస్ వారి 14416కు ఫోన్ చేయవచ్చు. రెండింటికీ ఖర్చు లేదు. మద్రాసులో శాంతి రంగనాథన్ గారు భర్తను తాగుడు వల్ల పోగొట్టుకొని, 1980లో తాగుడు జబ్బుకు చికిత్స చేసే సంస్థను స్థాపించారు. అక్కడ రోగితో పాటు ఇంట్లోవాళ్ళకు కూడా తరగతులు జరుగుతాయి. తాగేవాడితో బతికి బతికి ఇంట్లోవాళ్ళ మనసు కూడా జబ్బు పడుతుందని ఆమె స్వయంగా చూసినదే కదా.

మీరే ఆ కుర్రవాడైతే మీకు ఒక మాట. మా తరగతిలో ఒకసారి ‘వద్దని ఎలా చెప్పాలి’ అన్న చర్చ వచ్చింది. ‘నేను తాగను’ అంటే ఊరుకోరని అందరూ అన్నారు. అది పంతంలా వినపడుతుంది, నువ్వు గొప్పవాడివా అంటారు. ‘నాకు పడదు’ అంటే వదిలేస్తారట. వంకాయ పడదన్నవాణ్ణి ఎవరూ బలవంతం చేయరు కదా. సోడా నిండిన గ్లాసు చేతిలో ఉంచుకొంటే రెండోది ఎవరూ పోయరని ఒకరు చెప్పారు. వెనుక బెంచీలో కూర్చొన్న పెయింటింగు అబ్బాయి అప్పుడు లేచాడు. క్రితం ఏడు తాను అయ్యప్ప మాల వేసుకొన్నానని, నలభైఒక్క రోజులూ ఎవరూ పోయలేదని చెప్పాడు. రంజాన్ నెలలో తమవాళ్ళూ అంతేనని పక్కనున్న అబ్బాయి అందుకొన్నాడు.

“నలభైఒక్క రోజులూ నన్ను ‘స్వామీ’ అని పిలిచారు సార్. ఆ మేస్త్రీనే, ఆ బావే. పాసయ్యావా అని ఒక్కరూ అడగలేదు.”

మాల తీసిన రోజు సాయంత్రం ఏమైందని అడిగాను. స్నేహితులు సీసా తెచ్చి ఎదురుచూశారట. ఆ రోజు తాగాడు. ఈ ఏడు కూడా మాల వేస్తాడట. తీసే రోజు ఆదివారం పడేలా చూసుకొంటాననీ, ఆ రోజు సాయంత్రం దాకా తరగతి పెట్టమనీ అడిగాడు. పెడతానన్నాను.